థాంక్యూ అండీ

మార్చి 2, ఆదివారం

కొంప మునిగింది.

మామగారి కంట్లో గ్యాస్ బుడగ ఉంది. రెటీనా ఆపరేషన్‌లో డాక్టరే పెట్టాడు. అది కరిగేదాకా విమానం ఎక్కకూడదట, ఎక్కితే పైన బుడగ ఉబ్బి చూపు పోతుందట. అత్తమామల యాభయ్యో పెళ్ళిరోజుకి అందరం కలిసి వెళ్దామనుకున్న ట్రిప్ కాన్సిల్. నిజం చెప్పాలంటే నేనేం పెద్దగా బాధపడలేదు. మామగారి పక్క సీట్లో అన్ని గంటలు నిటారుగా కూర్చునే పని తప్పిందిలే అనుకున్నాను.

అంతలో పిచ్చుక ఫోన్ పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. పిచ్చుక అంటే మా అమ్మాయి. పుట్టినప్పుడు పిడికెడంత ఉండేది, ఇప్పుడు నా భుజం దాటింది, పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. క్రూజ్ ఉంది తాతయ్యా, మూడు రాత్రులు, ఫ్లైటే ఎక్కక్కర్లేదు, మన ఊరి పోర్ట్ నుంచే బయల్దేరుతుంది అంది. నాన్న పోర్ట్ నుంచే అని ఇంకోసారి అంది.

అందరూ నా వైపు తిరిగారు. మామగారు బుడగ ఉన్న కన్ను మూసి, రెండో కంటితో నన్ను చూసి, అయితే అల్లుడుగారి రాజ్యం మీదుగా వెళ్తామన్నమాట అన్నారు. ఖర్చంతా తనదే అన్నారు.

చూద్దాం అన్నాను.

ఇది ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను. నేను పోర్ట్‌లో ఇన్‌ఛార్జ్‌ని కాను. ఒకప్పుడు ఇన్‌ఛార్జ్‌నే. ప్యాసింజర్ టర్మినల్, షిఫ్ట్ ఇన్‌ఛార్జ్, నీలం కోటు, చేతిలో వాకీటాకీ. కిందటేడు కాంట్రాక్ట్ వేరే కంపెనీకి వెళ్ళింది. వాళ్ళు మెషీన్లు పెట్టారు, ఎవరి టికెట్ వాళ్ళే స్కాన్ చేసుకుంటున్నారు. ఇన్‌ఛార్జ్‌లు ఇంతమంది అక్కర్లేదు, ఒక్కరు చాలన్నారు. ఆ ఒక్కరూ నేను కాదు. బ్యాగేజీలో ఖాళీ ఉంది, చేస్తారా అని అడిగారు. ఈ వయసులో ఇంకెక్కడికి పోతాను? చేస్తానన్నాను.

కాబట్టి నేను పెట్టెలు ఎత్తుతాను. చొక్కా మీద చేతుల్లేని ఆరెంజ్ వెస్ట్, గ్లవ్స్, నడుముకి బెల్ట్. పొద్దున్నే తెల్ల చొక్కాతో ఇంట్లోంచి బయల్దేరతాను. లాకర్ రూమ్‌లో మార్చుకుంటాను. సాయంత్రం మళ్ళీ తెల్ల చొక్కాతో ఇల్లు చేరతాను. పెట్టెలు ఎత్తడం తప్పు పనేం కాదు. వేరే ఎవరైనా ఇలా అయిందని నాతో చెప్పుకుంటే, అందులో సిగ్గుపడేదేముందయ్యా అని నేనే భుజం తడతాను.

ఇంట్లో మాత్రం చెప్పలేదు. మొదటిరోజు చెబుదామనుకున్నాను, ఆ రోజు మామగారు భోజనానికి వచ్చి ఉన్నారు. రెండో రోజు చెప్పాలంటే నిన్నెందుకు చెప్పలేదో కూడా చెప్పాలి. అలా ఏడు నెలలు గడిచిపోయాయి.

మార్చి 3, సోమవారం

ఓడలు ఎందుకు రద్దవుతాయో నెట్‌లో చదివాను. తుఫాన్ల సీజన్ కూడా కాదు.

మార్చి 5, బుధవారం

కొండల మీద మంచి రిసార్ట్ ఉంది, హాయిగా కార్లో వెళ్ళిపోవచ్చు అన్నాను. ఫొటోలు కూడా చూపించాను. అత్తగారికి నచ్చింది. మా ఆవిడ వెంటనే కంటి డాక్టర్‌కి ఫోన్ కలిపింది. ఎత్తుకు వెళ్ళినా బుడగ ఉబ్బుతుంది, కొండలూ వద్దు, సముద్రమైతే నిక్షేపంలా వెళ్ళొచ్చు అన్నాడట. నిక్షేపంలా అన్నది డాక్టర్ మాటో మా ఆవిడ మాటో తెలీదు.

రైలు అన్నాను. అత్తగారి మోకాళ్ళు అన్నారు. పోనీ ఇంట్లోనే చేసుకుందాం, హాల్లో పూలు కట్టి, నలుగురినీ పిలిచి అన్నాను. నాకేదో జ్వరం వచ్చినట్టు చూశారు.

తర్వాత మా ఆవిడ గిన్నెలు సర్దుతూ, ఎవరైనా తమ ఆఫీసు తమవాళ్ళకి చూపించుకోవాలని ఉబలాటపడతారు, మీరేమిటండీ దొంగలా తప్పించుకుంటారు అంది. ఊరికే అంది. నా చెవులు వేడెక్కిపోయాయి.

మార్చి 9, ఆదివారం

బుక్ చేసేశారు. ఏప్రిల్ 5న ఎక్కడం, 8న దిగడం. పిచ్చుక డైనింగ్ టేబుల్ మీద ఓడ ప్లాన్ పరిచి ఒక్కో అంతస్తూ చూపించింది. అత్తగారికి లిఫ్ట్ పక్కనే గది కావాలి. మామగారికి బాల్కనీ కావాలి. ఆయన రిటైరైన ఎలక్ట్రికల్ ఇంజనీర్, ఓడలో కరెంట్ ఎలా పుట్టిస్తారో కూడా చూడాలట. మీరు చెబితే ఇంజన్ రూమ్‌లోకి రానిస్తారు కదా అల్లుడుగారూ అన్నారు. స్టాఫ్ గేటు నుంచి తీసుకెళ్తారు కదా అన్నారు. క్యాప్టెన్‌ని పరిచయం చేస్తారు కదా అన్నారు.

అన్నిటికీ చూస్తాను అన్నాను. ఈ ఏడు నెలలూ ఆ ఒక్క మాట మీదే బతుకుతున్నాను.

మేం ఇంకా టేబుల్ దగ్గరుండగానే ఆయన వాకింగ్ ఫ్రెండ్‌కి ఫోన్ చేశారు. మా అల్లుడు పోర్ట్‌లో పెద్ద పొజిషన్‌లో ఉన్నాడు, లైన్లో నిలబడే పనే ఉండదు అని గట్టిగా చెప్పుకుంటున్నారు. నేను లేచి బాత్రూమ్‌లోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని నిలబడ్డాను.

మార్చి 14, శుక్రవారం

ఏప్రిల్ 5 నుంచి లీవ్ అడిగాను. ఇప్పటి సూపర్‌వైజర్ ఒకప్పుడు నా దగ్గర ట్రైనీ. వాకీటాకీ ఎలా పట్టుకోవాలో నేనే నేర్పాను. ఇప్పటికీ సార్ అనే పిలుస్తుంది. తోటివాళ్ళ ముందు సార్ అన్నప్పుడల్లా ఎక్కడైనా దాక్కోవాలనిపిస్తుంది.

ఆ రోజు పొద్దున ఒక ఓడ దింపి, సాయంత్రానికి అదే ఓడ నింపాలి సార్, మనుషులే లేరు, మధ్యాహ్నం దాకా చేసి వెళ్ళండి అంది. అంత అవసరమేంటని అడిగింది. మావాళ్ళు అదే ఓడ ఎక్కుతున్నారు, వాళ్ళతో నేనూ అన్నాను. అప్పటికే ఆ అమ్మాయికి అర్థమైపోయింది. కాసేపు తన కాగితాలు చూసుకుని, తల ఎత్తకుండా, నీలం కోటు ఒకటి స్పేర్ ఉంది సార్, ఆ పూట వేసుకోండి, నేనెవరికీ చెప్పను అంది.

వద్దనాలి. థాంక్స్ అన్నాను. సైజు కూడా అడిగాను.

మార్చి 22, శనివారం

పిచ్చుక నా చెయ్యి పట్టుకుని, నాన్నా, అరచేతులేంటి ఇలా గట్టిపడిపోయాయి అంది. జిమ్‌కి వెళ్తున్నా అన్నాను. మా ఆవిడ నవ్వలేదు. బ్యాగులో స్పేర్ చొక్కా, డియోడరెంట్, ఇప్పుడు జిమ్ అంది. అని ఊరుకుంది. ఆ ఊరుకోవడం మంచి ఊరుకోవడం కాదు.

ఇంకో ఆవిడెవరో ఉందని అనుకుంటోందని అర్థమైంది. ఇంత సిగ్గులేని మాట ఇక్కడ తప్ప ఎక్కడా రాయలేను: అలా అనుకుంటే పోనీలే అనిపించింది. పెట్టెలు మోస్తున్నానని తెలియడం కన్నా అదే నయం అనిపించింది. ఒక్క క్షణమే. కానీ అనిపించింది.

మార్చి 23, ఆదివారం

మా ఆవిడ జిమ్ పేరు అడిగింది. ఏదో పేరు చెప్పాను. ఆ పేరుతో ఈ ఊళ్ళో జిమ్మే లేదు.

ఏప్రిల్ 4, శుక్రవారం

సర్దుకోవడం అయిపోయింది. క్యాబిన్ నంబర్లు రాసి ట్యాగులు నేనే కట్టాను. ఎంత నీట్‌గా కట్టారో, ఎంతైనా అనుభవం అంది అత్తగారు.

ప్లాన్ ఇది. నేను పొద్దున్నే డ్యూటీకి వెళ్తాను. వాళ్ళు మధ్యాహ్నం వస్తారు. గేటు దగ్గర సామాను దింపించుకునేది పహిల్వాన్. నాతో పనిచేసే కుర్రాడే, నాలుగు పెట్టెలు ఒకేసారి ఎత్తుతాడని ఆ పేరు. వాడికి విషయం చెప్పాను. పగలబడి నవ్వాడు, తర్వాత నా మొహం చూసి ఆపేశాడు. నువ్వు లోపల సామాను వెళ్ళే బెల్ట్ దగ్గర ఉండన్నా, బయట నేను చూసుకుంటా అన్నాడు. మధ్యాహ్నానికి నేను స్నానం చేసి, కోటు తొడుక్కుని, హాల్లో నిలబడతాను. పది నిమిషాలు. ఆ తర్వాత ఓడ ఎక్కేస్తే ఇంక నేనెవరైతే ఎవరికి కావాలి?

ఏప్రిల్ 5, శనివారం, ఓడలో

ఓడ ఇంకా కట్టే ఉంది.

పహిల్వాన్ రాలేదు. నడుం పట్టేసిందట, పేరుకి మాత్రమే పహిల్వాన్. సూపర్‌వైజర్ అమ్మాయి ఇబ్బందిగా నా దగ్గరికొచ్చి, బయట ఒక్క గంట చూడండి సార్, మీవాళ్ళు మధ్యాహ్నం కదా వచ్చేది అంది. నిజమే, మధ్యాహ్నం రమ్మని మరీమరీ చెప్పాను. మామగారి సంగతే మర్చిపోయాను. ప్లాట్‌ఫామ్ ఊడ్చే టైముకే వెళ్ళి రైలు కోసం కూర్చునే మనిషి ఆయన.

పక్క కారులో సామాను దింపుతున్నాను. వెనక డిక్కీ తెరుచుకున్న చప్పుడైతే అలవాటుకొద్దీ అటు తిరిగాను. పెద్ద గోధుమరంగు పెట్టె. దాని ట్యాగ్ మీద నా చేతిరాత.

మామగారు నల్లకళ్ళద్దాలు పెట్టుకుని నా ఎదురుగా నిలబడి ఉన్నారు. చెయ్యి చాపితే తగిలేంత దూరం. బాబూ, ఇది కాస్త మెల్లగా ఎత్తు, లోపల అద్దం ఉంది అన్నారు.

పెళ్ళైనప్పటి నుంచీ నన్ను అల్లుడుగారూ అని తప్ప పిలవని మనిషి. నా చేతికి మంచినీళ్ళ గ్లాసు ఇవ్వాలన్నా లేచి నిలబడి ఇచ్చే మనిషి.

ఎత్తాను. మెల్లగానే ఎత్తాను. కంట్లో బుడగ వల్ల గుర్తుపట్టలేదని అనుకోవాలని ఉంది. కానీ రెండో కన్ను బాగానే ఉంది. ఆయన వెస్ట్‌ని చూశారు, అంతే. నీలం కోటు వేసుకున్న రోజుల్లో నేనూ అంతే. అప్పటి బ్యాగేజీవాళ్ళలో ఒక్కడి మొహం కూడా నాకు గుర్తులేదు.

కారుకి అటుపక్క మా ఆవిడ వాళ్ళమ్మని చెయ్యిపట్టి దింపుతోంది. ఇటు తిరగలేదు. పిచ్చుక తన ఊదారంగు బ్యాగు పట్టుకుని ఇటే వచ్చింది.

చూసింది.

నేనూ చూశాను. ఎంతసేపు చూసుకున్నామో తెలీదు. బ్యాగు తెచ్చి నా ట్రాలీ మీద పెట్టింది. థాంక్యూ అండీ అంది.

అండీ అంది.

అని వెనక్కి తిరిగి, ఇటు తిరగబోతున్న వాళ్ళమ్మ భుజాలు పట్టుకుని, అమ్మా అటు, గేటు అటు అని నడిపించుకుపోయింది.

ట్రాలీ లోపలికి తోసుకెళ్ళాను. స్నానం చేశాను. ఇంత జరిగాక కూడా కోటు వేసుకున్నాను, అది రాయకుండా వదిలేస్తే ఈ డైరీ ఎందుకు. హాల్లోకి వెళ్ళాను. మామగారు ఈలోపే ఎవరో దంపతులతో స్నేహం చేసేశారు. వీరే మా అల్లుడుగారు అని నా భుజం మీద చెయ్యి వేశారు. సూపర్‌వైజర్ అమ్మాయి పాపం మాట నిలబెట్టుకుంది, సార్ అంతా రెడీ అని చెప్పి వెళ్ళింది. మామగారి మొహం వెలిగిపోయింది. తర్వాత గొంతు తగ్గించి, బయట సామాను ఎత్తేవాడు నోరు విప్పి సరే అని కూడా అనలేదండీ, మీరు వాళ్ళకి కాస్త మర్యాద నేర్పాలి అన్నారు.

చెబుతాను అన్నాను.

బాగానే ఎత్తాడు తాతయ్యా అంది పిచ్చుక, నేలకేసి చూస్తూ.

ఏప్రిల్ 6, ఆదివారం, పొద్దున

నిన్న సేఫ్టీ డ్రిల్‌లో అందరికీ ఆరెంజ్ లైఫ్‌జాకెట్లు తొడిగారు. మామగారు నాది సరిచేస్తూ, ఈ రంగు మీకు నప్పలేదండీ అన్నారు.

పిచ్చుక నాతో మామూలుగానే ఉంది. మామూలు కన్నా మర్యాదగా ఉంది. ఉప్పు అందించినా థాంక్స్ అంటోంది. టిఫిన్ అయ్యాక డెక్ మీద రెయిలింగ్ దగ్గర ఒంటరిగా దొరికింది. పక్కన నిలబడ్డాను. చుట్టూ నీళ్ళు తప్ప ఇంకేం లేవు, తప్పించుకుందామన్నా దారి లేదు. నిన్న అలా ఎందుకన్నావ్ అని అడిగాను.

నువ్వే కదా నాన్నా అలా అనమన్నట్టు చూశావ్ అంది.

కోపంగా కాదు. చెప్పిన పని సరిగ్గా చేశానా లేదా అన్నట్టు.

అమ్మకి చెప్పలేదు, నిన్నటి నుంచీ డల్‌గా ఉన్నావేంటని అడిగితే కడుపులో తిప్పుతోందన్నాను, సీసిక్‌నెస్ టాబ్లెట్ ఇచ్చింది, వేసుకున్నాను అంది. పొద్దున ఇంకోటి ఇచ్చింది, అదీ వేసుకున్నా అంది. నిద్రొస్తోంది నాన్నా అంది.

లేని జబ్బుకి మందు మింగుతోంది నా బిడ్డ. నా కోసం.

ఏప్రిల్ 6, భోజనాలయ్యాక

పెళ్ళిరోజు డిన్నర్. ఓడవాళ్ళు కేక్ తెచ్చారు. పక్క టేబుల్ దగ్గర నిన్నటి దంపతులు. మామగారు లేచి గ్లాసు ఎత్తి రెండు మాటలు మాట్లాడారు. అత్తగారి గురించి ఒక మాట. రెండోది నా గురించి. ఇదంతా మా అల్లుడుగారి చలవ, పోర్ట్‌లో ఆయన మాటంటే మాటే అన్నారు.

లేచాను. మామగారూ, నిన్న గేటు దగ్గర మీ పెట్టె ఎత్తింది నేనే అన్నాను.

ఇంత కష్టపడి ఆ మాట అంటే, ఆయన చప్పట్లు కొట్టారు. చూశారా, అంత పొజిషన్‌లో ఉండి మన పెట్టె స్వయంగా ఎత్తారట, అదీ సంస్కారమంటే అని పక్క టేబుల్‌కి చెప్పారు. వాళ్ళూ చప్పట్లు కొట్టారు.

కాబట్టి రెండోసారి చెప్పాల్సి వచ్చింది. ఇన్‌ఛార్జ్ ఉద్యోగం పోయింది. ఎనిమిది నెలలైంది. పెట్టెలు ఎత్తుతాను. రోజూ ఎత్తుతాను. హాల్లో నిన్న వేసుకున్న కోటు అరువు కోటు. పిచ్చుకకి నిన్న తెలిసింది, దానికి ఒంట్లో బాగానే ఉంది, టాబ్లెట్లు ఇవ్వకు అని మా ఆవిడకి చెప్పాను.

పక్క టేబుల్ వాళ్ళు ఒక్కసారిగా తమ ప్లేట్లలోకి చూసుకున్నారు. మా ఆవిడ స్పూన్ కింద పెట్టింది. అంటే జిమ్ లేదు అంది. లేదు అన్నాను. లేచి వెళ్ళిపోయింది.

మామగారు కూర్చున్నారు. కాసేపటికి, నేను బాబూ అన్నానా అని అడిగారు. అన్నారు అన్నాను. ఎత్తు అన్నానా, ఎత్తండి అన్నానా అని అడిగారు.

ఎత్తు అన్నారు అన్నాను.

అబద్ధమాడింది నేను. తలదించుకుంది ఆయన. ఈ కొత్త సిగ్గుకి ఏం పేరు పెట్టాలో నాకు తెలీదు.

అత్తగారు కేక్ ముక్క కోసి నా ప్లేట్లో వేసింది. తినండి బాబూ, పొద్దున్నుంచీ సరిగ్గా ఏం తిన్లేదు మీరు అంది. ఆవిడ నన్ను మొదట్నుంచీ బాబూ అనే పిలుస్తుంది. అదే మాట. అన్నాక ఆవిడే నాలుక కరుచుకుంది. తిన్నాను.

ఏప్రిల్ 7, సోమవారం

మా ఆవిడ మధ్యాహ్నం దాకా గోడ వైపు తిరిగి పడుకుంది. తర్వాత లేచి కూర్చుని ఒకేసారి మాట్లాడింది. పెట్టెలు ఎత్తితే ఎత్తారు, మట్టి మోస్తే మోశారు, నాకేం నామోషీ, కానీ ఎనిమిది నెలలు నాచేత తెల్ల చొక్కాలు ఇస్త్రీ చేయించారు అంది. కాలర్ దగ్గర మడత రాకుండా, ఇన్‌ఛార్జ్‌గారి చొక్కా అని, రోజూ అంది. నేనేమో ఇంకెవరో ఉన్నారనుకుని మా ఆఫీసులో అమ్మాయి ముందు కూర్చుని ఏడ్చాను, ఇప్పుడు దానికేం చెప్పాలి, మా ఆయన నన్ను మోసం చెయ్యలేదు, సామాను మోస్తున్నాడని చెప్పనా అంది.

ఆ చివరి మాటకి ఇద్దరికీ నవ్వొచ్చింది. తను వెంటనే ఆపేసుకుంది. నవ్వానని క్షమించాననుకోకండి అంది.

అనుకోలేదు.

ఏప్రిల్ 8, మంగళవారం

దిగాం. హాల్లో పహిల్వాన్ నడుముకి పట్టీ వేసుకుని, దూరం నుంచే అన్నా అని కేకేశాడు. ఎవరని మామగారు అడిగారు. నాతో పనిచేస్తాడు అన్నాను. ఆయన వాడి దగ్గరికి నడుచుకుంటూ వెళ్ళి ఏదో మాట్లాడారు. ఏం మాట్లాడారో ఇద్దరూ చెప్పలేదు.

పిచ్చుక ట్యాక్సీలో నా భుజం మీద తలపెట్టి నిద్రపోయింది. నిజం నిద్రే.

ఏప్రిల్ 9, బుధవారం

డ్యూటీ. వెస్ట్ ఇంటి దగ్గరే వేసుకున్నాను. వీధి చివరిదాకా వెళ్ళి, ధైర్యం చాలక వెనక్కొచ్చి, దానిమీద స్వెట్టర్ వేసుకున్నాను. ఎండ మండిపోతోంది. బస్సులో అందరూ నన్నే చూశారు. సగం దారిలో స్వెట్టర్ విప్పేశాను. ఎవరూ చూడలేదు.